రేడియోలో పెషా పిన్ని గొంతు

మా బిల్డింగులో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది పెషా గార్బర్ గొంతు. తర్వాతే మనిషి లేచేదని మా ఆయన యాంకెల్ అనేవాడు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో మాది ఐదంతస్తుల ఇటుక బిల్డింగు. రెండో అంతస్తులో మా గుమ్మానికి ఎదురుగుమ్మం ఆవిడది. బాతు ఈకలు కూరి దిండ్లూ బొంతలూ కుట్టేది. మా వీధుల్లో పెళ్ళి కుదిరిందంటే పిల్ల తల్లి ముందు పెషా తలుపు తట్టాల్సిందే. ఎండ కాసిన రోజున ఆ బొంతలన్నీ డాబా మీదికి మోసుకెళ్ళి, తీగల మీద ఆరేసి, బెత్తం పెట్టి దులుపుతూ, అక్కణ్ణుంచే కింద ఇంట్లో ఉన్న మొగుడితో సంసారం నడిపేది.

"ఏమయ్యా నోసన్! నిద్రపోయావా, చచ్చిపోయావా? నిద్రైతే లే! చావైతే ముందు పొయ్యి ఆపి చావు, సూప్ మాడుతోంది!"

నోసన్ నుంచి జవాబు ఉండేది కాదు. ఆయన కోట్ల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పని చేసేవాడు. రోజంతా ఆవిరిలో నిలబడి వచ్చి, కళ్ళు ఎర్రగా, తల వంచుకుని మెట్లెక్కేవాడు. ఆయన గొంతెలా ఉంటుందో మాలో చాలామందికి తెలీదు. ఆవిడ తిట్లు మాత్రం ఐదంతస్తులకీ కంఠతా వచ్చు.

ఎవరైనా "ఎలా ఉన్నావ్ పెషా?" అంటే చాలు, రెండు చేతులూ పైకెత్తి "అడగొద్దు నన్ను!" అనేది. ఆ తర్వాత మనం అడగకపోయినా అరగంట చెప్పేది. ఆవిడ ఇంగ్లీషు కూడా వింతే. మాటలు అమెరికావి, వాటిని కూర్చోబెట్టే వరస మన యూదుల యిడ్డిష్‌ది. పైగా అమెరికా రాకముందు ఆవిడది కోవ్నో దగ్గర ఒక చిన్న ఊరు. ఆ పక్కవాళ్ళకి ష పలకదు, అన్నీ స లే. మా శనివారపు పుణ్యదినాన్ని మేమందరం షాబెస్ అంటే ఆవిడ సాబెస్ అనేది. ఇంగ్లీషులోనూ అంతే: ఫిస్, సాప్, సుగర్. తన పేరు తనే పెసా అని చెప్పుకునేది. అలా అంటున్నట్టు ఆవిడకి తెలీదు. తన చెవికి తను ష అంటున్నట్టే వినిపించేది కాబోలు.

వాళ్ళకి పిల్లల్లేరు. నాలుగో అంతస్తు కాంట్రొవిట్జ్ వాళ్ళమ్మాయి మాట్లె పెరిగిందంతా పెషా వంటగదిలోనే. వాళ్ళమ్మ ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి చీకటి పడేది. అందుకని బడి వదలగానే ఈ పిల్ల సరాసరి పెషా దగ్గరికి వచ్చి, ఈకల మూట మీద కూర్చుని, కోడికొవ్వు రాసిన రొట్టె తింటూ వీధిలో వాళ్ళందరినీ అనుకరించేది. మాంసం కొట్టువాడిని, బడిలో టీచరమ్మని, గుళ్ళో ముక్కుతో పాడే ముసలాయన్ని. పెషా పొట్ట పట్టుకుని నవ్వేది. "ఒసే మాట్లే, ఆపవే, సూది గుచ్చుకుంటుంది!" అనేది. ఆ పిల్ల అందరినీ చేసేది గాని పెషాని మాత్రం పెషా ఎదుట ఎప్పుడూ చెయ్యలేదు.

యుద్ధం మొదలయ్యాక ఒక చలికాలంలో నోసన్ ఛాతీలో జబ్బు చేసి పోయాడు. పెషా డాబా మీదికి వెళ్ళడం మానలేదు. కాకపోతే కిందికి కేకలేసే పని లేకపోయింది.

ఆ తర్వాత మాట్లె పేరు మార్చుకుని మిల్‌డ్రెడ్ కేన్ అయింది. రేడియో కంపెనీలో చిన్న చిన్న వేషాలు వేస్తూ, ఆదివారం సాయంత్రం వచ్చే ఒక నవ్వుల ప్రోగ్రాంలో కుదురుకుంది. అందులో ఆమె పేరు మిసెస్ టాప్లిన్. మొదటి ఆదివారం మా ఇంట్లో రేడియో చుట్టూ బిల్డింగు సగం చేరింది. అప్పట్లో పెద్ద రేడియో మాదే. మంచి కుర్చీ పెషాకి ఇచ్చాం, ఎంతైనా పెంచిన చెయ్యి కదా. రేడియోలో తలుపు తట్టిన చప్పుడైంది. "ఎలా ఉన్నారు మిసెస్ టాప్లిన్?" అన్నాడొక మగగొంతువాడు.

"అడగొద్దు నన్ను!" అంది రేడియో.

 ఆ రాగం, ఆ స, మొగుణ్ణి పిలిచే ఆ పిలుపు, అంతా పెషాయే. రేడియో స్టూడియోలో కూర్చున్న జనం విరగబడి నవ్వుతున్నారు. మేం మెల్లగా పెషా వైపు చూశాం.

పెషా అందరికంటే గట్టిగా నవ్వుతోంది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఎక్కడ దొరికిందే దీనికి ఈ మనిషి? వినండర్రా, ఫిస్ అనడం కూడా చేతకాదు దానికి, ఫిస్ అంటోంది!" అంది.

మేం ఆవిడనే చూస్తూ కూర్చున్నాం.

అలా ఆదివారం తర్వాత ఆదివారం గడిచింది. మిసెస్ టాప్లిన్ దేశమంతా పాకింది. బస్సుల్లో, ఆఫీసుల్లో, ఎక్కడో టెక్సాస్‌లో కూడా "అడగొద్దు నన్ను" అంటున్నారని పేపర్లో రాశారు. ప్రోగ్రాంలో ఆమెకో మొగుడున్నాడు. సోఫాలో నిద్రపోతూ ఉంటాడు, పెళ్ళాం తిడితే గురక పెడతాడు. పెషాకి వాడి మీద భలే జాలి. "పాపం, ఆ మొగుడు ఎలా వేగుతున్నాడో! ఆడదానికి అంత నోరైతే ఎలా? నేనే వాణ్ణైతే కిటికీలోంచి దూకేద్దును," అనేది.

చెబుదామని నాకు నోటిదాకా వచ్చేది. యాంకెల్ ఒప్పుకోలేదు. "నవ్వుకుంటోంది కదా, నవ్వుకోనీ. చెప్పి నువ్వు బావుకునేదేముంది?" అన్నాడు. మాట్లె తల్లి మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని చెప్పొద్దని బతిమాలింది. శుక్రవారం సాయంత్రాలు మాట్లె అమ్మానాన్నల్ని చూడ్డానికి వచ్చినప్పుడు, పెషా దాని పళ్ళెంలో చేప ముక్కలు వడ్డిస్తూ, "ఎవర్ని చూసి పట్టావే ఆ టాప్లిన్‌ని?" అని అడిగేది.

"అక్కడా ఇక్కడా, పిన్నీ," అనేది మాట్లె పళ్ళెంలోంచి తల ఎత్తకుండా. తిని తొందరగా వెళ్ళిపోయేది.

యుద్ధం అయిపోయింది. కోవ్నో పక్క ఊళ్ళలో మనవాళ్ళెవరూ మిగల్లేదని కబురొచ్చింది. పెషా వైపు మిగిలింది చెల్లెలు రెయ్‌జా ఒక్కతే, అదీ చిన్నప్పుడే పెళ్ళై జొహన్నెస్‌బర్గ్ వెళ్ళిపోబట్టి. ఒక వేసవిలో నేనూ పెషా కోనీ ఐలాండ్ సముద్రానికి వెళ్ళాం. అక్కడ బొమ్మల దుకాణాల పక్కన చెక్కగది ఒకటి ఉంది. లోపలికెళ్ళి మాట్లాడితే గొంతు చిన్న రికార్డు మీద ఎక్కి చేతికొస్తుంది. పెషా మొహం వెలిగిపోయింది. "రెయ్‌జాకి పంపిస్తా. అది నా గొంతు విని ఎన్నేళ్ళైందో!" అంది.

లోపలికెళ్ళి యిడ్డిష్‌లో మాట్లాడింది. తలుపు వేసున్నా బయటికి వినిపిస్తూనే ఉంది. చెల్లిని పలకరించింది, తన ఒంట్లో బాగోలేని చోట్లన్నీ చెప్పింది, ఏడ్చింది. బయటికొచ్చాక అక్కడి మనిషి రికార్డుని మిషను మీద పెట్టి వినిపించాడు.

పెషా ఒక్క క్షణం విని, "ఇది నాది కాదు," అంది.

"మీదేనమ్మా, ఇప్పుడేగా మాట్లాడారు," అన్నాడతను.

"కాదయ్యా, మార్చేశావు. ఇది ఆ రేడియో ఆవిడ. యిడ్డిస్‌లో కూడా వస్తోందా ఆ ప్రోగ్రాం?" అని నా వైపు తిరిగింది. ఇంతలో రికార్డు "నా బంగారు రెయ్‌జా" అంది. నోసన్ పేరు చెప్పింది. పెషా నోరు అలాగే తెరుచుకుని ఉంది. మిషను ఆగేదాకా ఆవిడ నా మొహమే చూస్తూ నిలబడింది. తనకి కావలసిన జవాబు నా మొహంలో కనపడిపోయినట్టుంది.

రైల్లో తిరిగొచ్చేటప్పుడు రికార్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక నాకు కుర్చీ చూపించింది గాని టీ పెట్టలేదు.

"మొదటి రోజే తెలుసు కదూ మీకందరికీ?"

"తెలుసు," అన్నాను.

"నేను నవ్వుతుంటే నన్ను చూస్తూ కూర్చున్నారు."

నేను తల వంచుకున్నాను.

"మాట్లెని నేనేం అనడం లేదు. నా గురించీ అనుకోవడం లేదు, అమెరికా అంతా నవ్వనీ. ఫ్రేడా, ఒక్కటి చెప్పు. నోసన్‌తో నేను అలాగే మాట్లాడేదాన్నా?"

"డాబా మీంచి కదా, దూరం, గట్టిగా అరవాలి కదా..."

"దూరం సంగతి అడగలేదు నేను."

ఆ మాట అన్న గొంతు అంతకు ముందు ఎప్పుడూ వినలేదు నేను. చాలా చిన్నగా ఉంది. ఆ మొగుడి మీద జాలిపడిన మాటలన్నీ ఆవిడకి గుర్తొస్తున్నాయని నాకు అర్థమైంది. ఇంకో మనిషి అనుకుని తిట్టిందంతా తననే. తన పెనిమిటిని చూసి అందరితో కలిసి తనూ నవ్వింది.

ఆ తర్వాత ఆవిడ ఆదివారాలు మా ఇంటికి రాలేదు. కొట్టుకెళితే వేలితో చూపించేది. దిండ్లకి వచ్చిన ఆడవాళ్ళు "ఎప్పటికిస్తారు?" అంటే గోడమీది క్యాలెండర్‌లో తేదీ చూపించేది. కొత్త సంవత్సరం పండక్కి గుళ్ళో ఆడవాళ్ళకి వేరుగా ఉండే మేడ మీద నా పక్కనే నిలబడింది. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. దేవుడి ముందు కూడా ఆ గొంతు తియ్యడానికి సిగ్గుపడింది.

నేనే మాట్లెకి ఫోన్ చేశాను. శుక్రవారం వచ్చింది గాని ఒక్కతే లోపలికి వెళ్ళలేక మా ఇంటి తలుపు తట్టింది. ఇద్దరం వెళ్ళాం. పెషా ఒక దిండు గలీబు కుడుతోంది. మాట్లె గుమ్మంలోనే ఏడుపు మొదలెట్టింది.

"పిన్నీ, నేను మానేస్తాను. రేపే చెప్పేస్తాను."

"ఎందుకు మానడం? నువ్వు మానితే ఇంకోత్తి చేస్తుంది. దానికి నా చేతి వంట కూడా తెలీదు. కూర్చో."

మాట్లె కూర్చుంది. పెషా సూది పక్కన పెట్టింది.

"నువ్వు చేసేది అబద్ధమని నేను అనలేను. అలాగే అరిచాను. పదేళ్ళు మా ఇంట్లో తిరిగావు, ఉన్నదే విన్నావు. కానీ శనివారాలు నువ్వు మీ ఇంట్లో ఉండేదానివి. అప్పుడేం జరిగేదో నీకు తెలీదు." గలీబు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "ఆవిరికి ఆయన కళ్ళు పోయాయి. అక్షరాలు కనపడేవి కావు. పేపర్లో సీరియల్ వచ్చేది చూడు, వారమంతా దాచి సాబెస్ మధ్యాహ్నం నేను చదివి వినిపించేదాన్ని. కథలో ఎవరికైనా కష్టమొస్తే ఆయనకి కళ్ళనీళ్ళు కారేవి. నేను ఆపితే, 'ఇంకాస్త చదువు పెసా,' అనేవాడు. అంతే అనేవాడు. మెల్లగా. నేనూ మెల్లగానే చదివేదాన్ని. అది ఐదంతస్తుల్లో ఎవరికి వినిపిస్తుంది?"

మాట్లె కళ్ళు తుడుచుకుంది.

"ఆయన గురక పెట్టే మనిషి కాదే తల్లీ. ఒక్కసారి ఆయన్ని మనిషిలా చూపించు. ఒక్కసారి చాలు."

మాట్లె మాటిచ్చింది. రేడియో ఆఫీసులో కథ రాసేవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ మన పిల్లలే, బ్రూక్లిన్ కుర్రాళ్ళు. ఇంటికెళితే అమ్మలు అలాగే మాట్లాడతారు. మాట్లె చెప్పింది విని బాగుందన్నారు. రాసుకొచ్చారు కూడా. కాకపోతే చివర్లో ఒక గురక పెట్టారు. మాట్లె వాళ్ళతో పోట్లాడింది. గురక ఉంటే నేను రానని కోటు వేసుకుని లేచిందట. సరేనని తీసేశారు.

మాట్లె మా ఇద్దరికీ స్టూడియో టికెట్లు పంపింది. పెషా నల్ల డ్రెస్సు వేసుకుని, నోసన్ కొనిచ్చిన ఊదారంగు షాల్ కప్పుకుంది. మా వరుస నిండా ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో వచ్చిన జనం. వేదిక మీద మైకు ముందు మాట్లె కాగితాలు పట్టుకుని నిలబడింది. మొదట మామూలుగా కొన్ని నవ్వులు. తర్వాత ఆ ఘట్టం వచ్చింది. మిసెస్ టాప్లిన్ మొగుడికి పేపర్లో కథ చదివి వినిపిస్తోంది. కథలో అమ్మాయి ఓడ ఎక్కుతోంది, ఒడ్డున తల్లి నిలబడి ఉంది.

"సిప్ కదిలింది," అంది మాట్లె.

జనం గొల్లుమన్నారు.

మాట్లె ఆగింది. గొంతు తగ్గించి, నెమ్మదిగా, ఒక్కో మాటా విడిగా చదివింది. అచ్చం పెషా మా ఎదుట కూర్చుని చెప్పిన గొంతులాగే. మెల్లగా చదివేకొద్దీ వాళ్ళకి ఇంకా నవ్వొచ్చింది. అరిచే మనిషి గుసగుసలాడటమే వాళ్ళకి పెద్ద జోకు. మాట్లె గొంతు వణికింది. నటన అనుకున్నారు, చప్పట్లు కొట్టారు. మొగుడి వేషం వేసినాయన మైకు దగ్గరికొచ్చి తన ఒక్క మాటా అన్నాడు: "ఇంకాస్త చదువు."

అంత నవ్వు ఆ ప్రోగ్రాంలో అంతకు ముందెప్పుడూ రాలేదని తర్వాత చెప్పుకున్నారు. నేను అటూ ఇటూ చూశాను. మంచివాళ్ళలాగే ఉన్నారు అందరూ. ఒకాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు, నవ్వి నవ్వి.

పెషా లేచి నిలబడింది. షాల్ జారి పక్కావిడ కింద పడింది. వంగి, చిన్నగా అడిగింది: "నా సాల్ మీ కింద ఉందమ్మా."

పక్కావిడ నోరు తెరిచి, చప్పట్లు చరిచి, మొగుణ్ణి కుదిపింది. "వినండి, వినండి! ఈవిడ కూడా చేస్తోంది! అచ్చం ఆవిడలాగే! ఏదమ్మా, మళ్ళీ ఒక్కసారి అనండి."

పెషా నవ్వింది. మర్యాదకి నవ్వింది. ఆ నవ్వుకి నేను మొహం తిప్పేసుకున్నాను. షాల్ తీసుకుని మళ్ళీ కూర్చుని ప్రోగ్రాం అయ్యేదాకా కదల్లేదు.

బయట మాట్లె పరిగెత్తుకొచ్చింది, మేకప్ లేని మొహంతో. "పిన్నీ, నేను సరిగ్గానే చదివాను. నేను నవ్వించాలని చదవలేదు."

"తెలుసు. బాగా చదివావు," అంది పెషా.

మాట్లె ఆ వేషం మానలేదు. మానుతుందని నేనూ అనుకోలేదు. ఇంకో మూడేళ్ళు చేసింది. టీవీ వచ్చాక, ఆ గొంతుకి ఈ మొహం సరిపోలేదని ఒహయో నుంచి ఎవరో అమ్మాయిని తెచ్చారు. యిడ్డిష్ ముక్క రాదు ఆ అమ్మాయికి. మాట్లె పాత రికార్డులు విని నేర్చుకుందట. ఆ ముగ్గురు రాతగాళ్ళలో ఒకడు తర్వాత పెద్ద నవల రాశాడు, పేపర్లు మెచ్చుకున్నాయి. లైబ్రరీలో చదివాను. అందులో డాబా మీద ఈకలు దులిపే ఆవిడ ఒకతి ఉంది. చాలా అందంగా రాశాడు. ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా మాత్రం నవ్వొస్తుంది.

పెషా జొహన్నెస్‌బర్గ్ వెళ్ళిపోయింది. రెయ్‌జా రమ్మంది. రేవు దగ్గరికి మాట్లె కూడా వచ్చింది. పెషా దాని తల రెండు చేతుల్లోకి తీసుకుని చెవిలో ఏదో చెప్పింది. ఓడ కూత, కూలీల అరుపులు. పెషా మెట్లెక్కి వెళ్ళాక మాట్లె నన్నడిగింది: "ఏమంది?"

"నీ చెవిలో కదా చెప్పింది!"

"వినపడలేదు, ఫ్రేడా. మళ్ళీ అడగలేకపోయాను."

ఏళ్ళు గడిచాయి. పెషా అక్కడే పోయిందని తెలిసి మేం కొవ్వొత్తి వెలిగించాం. ఆ మరుసటి ఏడు రెయ్‌జా కూతురు మిన్నా ఏదో పనిమీద న్యూయార్క్ వచ్చి, వాళ్ళ పెద్దమ్మ ఉన్న బిల్డింగు చూడాలని మా ఇంటికొచ్చింది. నేను మాట్లెని పిలిచాను. అప్పటికి ఆమె డిపార్ట్‌మెంట్ స్టోర్లో టోపీలు అమ్ముతోంది, జుట్టు నెరిసింది. ముగ్గురం మా వంటగదిలో గ్లాసుల్లో టీ తాగుతున్నాం.

"మా అమ్మ ఒకటి అడిగి రమ్మంది," అంది మిన్నా. "చిన్నప్పుడు పెద్దమ్మ పిలిస్తే ఏటి అవతలున్న ఆవులు ఇంటికొచ్చేవట. ఓడ దిగిన మనిషిని చూసి ఈవిడెవరో అనుకుందట అమ్మ. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పెద్దమ్మ గొంతు పక్కగదిలోకి వినపడేది కాదు. అమెరికాలో ఏం జరిగింది తనకి?"

నేను గ్లాసులోకి చూశాను. నేనైతే చెప్పేదాన్ని కాదు. ఆవిరి సంగతో, మొగుడు పోయిన దిగులో ఏదో ఒకటి చెప్పి పంపేసేదాన్ని. మాట్లె గ్లాసు కింద పెట్టి, "తనకి జరిగింది నేనే," అంది. మొత్తం చెప్పింది. ఈకల మూట మీద కూర్చున్న దగ్గర్నుంచి స్టూడియో దాకా, దేన్నీ తగ్గించలేదు, తనని తాను ఎక్కువ తిట్టుకోనూ లేదు.

మిన్నా కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. అర్థం కానట్టు మొహం పెట్టి, "మా పెద్దమ్మ మాట్లాడితే నిజంగా నవ్వొచ్చేదా?" అని అడిగింది.

మాట్లె మొహం మెడదాకా ఎర్రబడింది.

"వచ్చేది," అంది. "చాలా నవ్వొచ్చేది."